లిస్బన్: భూకంపం తర్వాత కట్టిన ఊరు



యూరప్ చూడ్డానికి బయల్దేరే తెలుగువాళ్లు ఎక్కువగా పారిస్, రోమ్, స్విట్జర్లాండ్ చుట్టి వస్తారు. పోర్చుగల్ రాజధాని లిస్బన్ దాకా వెళ్లేవాళ్లు తక్కువ. యూరప్ ఖండం పడమటి అంచున, తేజో నది అట్లాంటిక్ మహాసముద్రంలో కలిసే చోట, కొండల మీద పరుచుకున్న ఊరు అది. నాలుగైదు రోజుల సెలవు మాత్రమే దొరికిన మనిషికి ఇంతకన్నా అనువైన చారిత్రక రాజధాని యూరప్‌లో అరుదు. ముఖ్యంగా చూడాల్సినవి చాలావరకు నది పొడవునా, దానికి ఆనుకున్న కొండల మీదా ఉంటాయి. పైగా 1755 నవంబర్ 1 అనే ఒక్క తేదీని మనసులో పెట్టుకుని తిరిగితే చాలు, ఏ వీధి ఎందుకు తిన్నగా ఉందో, ఏ సందు ఎందుకు వంకర్లు తిరిగిందో, ఏ చర్చికి కప్పు ఎందుకు లేదో ఒక్కొక్కటే తెలుస్తూ పోతుంది.

ఆ రోజు శనివారం. క్రైస్తవులకు సకల పునీతుల పండుగ. ఉదయం తొమ్మిదిన్నర దాటాక, జనం చర్చిల్లో ప్రార్థనలో ఉండగా భూమి కంపించింది. ఆ కుదుపులు కొన్ని నిమిషాల పాటు ఆగలేదు. పండుగ కాబట్టి చర్చిల నిండా కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. కప్పులు కూలాయి, కొవ్వొత్తులు పడ్డాయి, వంటింటి పొయ్యిలు తిరగబడ్డాయి. ప్రాణాలు దక్కినవాళ్లు గోడలకు దూరంగా పోవాలని, ఖాళీ జాగా ఉంది కదా అని నది ఒడ్డుకు పరుగెత్తారు. సుమారు నలభై నిమిషాలకు సునామీ వచ్చి ఆ ఒడ్డును ఊడ్చేసింది. ఆ పైన మంటలు. ఐదారు రోజులు ఊరు తగలబడుతూనే ఉంది. ఎంతమంది చనిపోయారన్న దాని మీద చరిత్రకారుల అంచనాలు కలవవు. ముప్ఫై, నలభై వేలని చాలామంది రాశారు. నది ఒడ్డున ఉన్న రాజభవనం, అందులో 70 వేల సంపుటాల గ్రంథాలయం, ఆ ఏడాది వసంతంలోనే తెరిచిన ఆపెరా హౌస్, అన్నీ నాశనమయ్యాయి.

రాజు మొదటి జోసె మాత్రం బతికాడు. పొద్దున్నే ప్రార్థన ముగించుకుని, కూతుళ్లు సరదాపడితే కుటుంబంతో కలిసి ఊరి బయట బెలెం వైపు వెళ్లాడు. అదే ఆయన్ని కాపాడింది. ఆ తర్వాత రాతి గోడల మధ్య ఉండాలంటే ఆయనకు భయం పట్టుకుంది. అజుదా కొండ మీద గుడారాలతో, చెక్కతో కట్టిన విడిదిలోనే కొలువు తీర్చి రాజ్యం ఏలాడు.

యూరప్‌లో ఆలోచించే ప్రతివాణ్ణీ ఈ వార్త కుదిపింది. ఫ్రాన్స్‌లో వోల్టేర్ లిస్బన్ విపత్తు మీద కావ్యం రాశాడు, తర్వాత 'కాండీడ్' కథలో నాయకుణ్ణి సరిగ్గా ఆ భూకంపంలోకే తీసుకొచ్చాడు. అటు ప్రష్యాలో ముప్ఫై ఏళ్లు దాటిన యువ అధ్యాపకుడు ఇమ్మానుయేల్ కాంట్ 1756లో భూకంపాల మీద మూడు వ్యాసాలు రాశాడు. దేవుడి కోపం సంగతి పక్కనపెట్టి, భూమి లోపల ఏం జరుగుతోందని అడిగిన వ్యాసాలవి.

ఇక లిస్బన్‌లో పని చేయాల్సిన మనిషి పని మొదలుపెట్టాడు. ఆయన పేరు సెబాస్టియన్ జోసె ద కర్వాల్యో. తర్వాతి కాలంలో పొంబాల్ మార్క్విస్ అన్న బిరుదుతో ప్రసిద్ధుడైన మంత్రి. శవాలు కుళ్లి అంటురోగాలు వస్తాయని, చర్చి పెద్దల అనుమతితో వాటిని పడవల్లో తీసుకెళ్లి సముద్రంలో విడిచిపెట్టించాడు. తిండిగింజల ధరలు పెరగకుండా కట్టడి చేశాడు. దోచుకునేవాళ్లకు హెచ్చరికగా ఎత్తయిన ఉరికొయ్యలు పాతించాడు. మరో పని కూడా చేశాడు, దాని విలువ అప్పట్లో ఎవరికీ తెలిసి ఉండదు. కంపం ఎంతసేపు ఉంది, ఎన్నిసార్లు వచ్చింది, బావుల్లో నీళ్లు ఏమయ్యాయి, సముద్రం ముందు వెనక్కి తగ్గిందా, ఎన్ని ఇళ్లు పోయాయి అంటూ దేశంలోని చర్చి గురువులందరికీ ప్రశ్నావళి పంపించాడు. ఆ జవాబులు ఇవాళ్టికీ జాతీయ దస్తావేజుల భాండాగారంలో ఉన్నాయి. భూకంప శాస్త్రజ్ఞులు ఆ కాగితాల ఆధారంగానే ఆనాటి కంప తీవ్రతను లెక్కకట్టగలిగారు.

ఈ కథలో పొంబాల్ కన్నా ఎక్కువ గౌరవం దక్కాల్సిన మనిషి ఇంకొకాయన ఉన్నాడు. మాన్యుయెల్ ద మైయా, సైనిక ఇంజనీరు. భూకంపం నాటికి ఆయన వయసు 78. ఊరికి నీళ్లు తెచ్చే పెద్ద కాలువ వంతెన నిర్మాణంలో అంతకుముందే ఆయన చెయ్యి ఉంది. ఆల్కాంతరా లోయ మీద 65 మీటర్ల ఎత్తున నిలబడిన ఆ కమానులు భూకంపానికి చెక్కుచెదరలేదు. రాజ్య దస్తావేజుల రక్షణ బాధ్యత కూడా ఆయనదే. అవి దాచిన కోట బురుజు కూలిపోతే శిథిలాల కింద నుంచి ఆ కాగితాలన్నీ తీయించి, చెక్క గుడిసెలో భద్రపరిచాడు. తర్వాత ఊరు ఎలా కట్టాలో రాసిచ్చాడు. పాత పద్ధతిలోనే కట్టుకోవచ్చు, వీధులు కాస్త వెడల్పు చేయవచ్చు, ఊరినే బెలెం వైపు తరలించవచ్చు, లేదా మిగిలిన గోడలు కూడా పడగొట్టి కొత్త పటం గీయవచ్చు. చివరికి ఒప్పుకున్నది కొత్త పటాన్ని. యూజెనియో దోస్ శాంతోస్, కార్లోస్ మార్డెల్ అనే ఇద్దరు వాస్తుశిల్పులు దాన్ని పూర్తి చేశారు.

లిస్బన్‌లో మొదటి రోజంతా ఈ కొత్త పేటకే కేటాయించాలి. దాని పేరు బైషా. నది ఒడ్డున వాణిజ్య చౌరస్తా అనే విశాలమైన మైదానం, అక్కణ్ణించి రోసియో చౌరస్తా దాకా గళ్లు గీసినట్టు తిన్నని వీధులు. బంగారు వీధి, వెండి వీధి, చెప్పులు కుట్టేవాళ్ల వీధి, జీనులు కుట్టేవాళ్ల వీధి, బట్టల వర్తకుల వీధి అని వృత్తుల పేర్లతోనే వాటికి పేర్లు పెట్టారు. ఇళ్ల ముఖాలన్నీ ఒకే తీరు. అలంకారాలు లేవు, బురుజులు లేవు. మొదట చూసినవాళ్లకి ఇవి చప్పగా కనిపిస్తాయి. నిజానికి ఆ నిరాడంబరతే గొప్ప. త్వరగా, చౌకగా, ఒకే కొలతలతో తలుపులు, కిటికీలు ముందుగానే చేయించి తెచ్చి బిగించారు కాబట్టి ఊరు లేచింది.

అసలు విశేషం గోడ లోపల ఉంటుంది. ప్రతి ఇంటికీ మొదట కొయ్యతో ఒక పంజరం నిలబెట్టారు. నిలువు దూలాలు, అడ్డ దూలాలు, వాటి మధ్య ఇంటూ గుర్తులా ఐమూలగా బిగించిన కర్రలు. ఆ ఖాళీల్లో రాళ్లు, ఇటుక ముక్కలు, సున్నం నింపి పైన గచ్చు పూశారు. భూమి ఊగితే రాయి విరుగుతుంది, కొయ్య ఊగి నిలుస్తుంది. బయట గచ్చు రాలినా లోపలి పంజరం ఇంట్లోవాళ్లను కాపాడుతుందన్నది ఆలోచన. నమూనా కట్టి, దాని చుట్టూ సైనికుల చేత కవాతు చేయించి, ఆ అదురుకు నిలబడుతుందో లేదో పరీక్షించారని చెబుతారు. ఇంటికీ ఇంటికీ మధ్య గోడను కప్పు కన్నా ఎత్తు లేపారు, ఒక ఇల్లు అంటుకుంటే పక్కింటికి పాకకుండా. 1755 మంటలు నేర్పిన పాఠం అది. ఒక ఊరంతటినీ భూకంపాన్ని తట్టుకునేలా ఒకే పద్ధతిలో కట్టడం యూరప్‌లో అంతకు ముందు జరగలేదు.

జీనులు కుట్టేవాళ్ల వీధిలో ఒక బ్యాంకు భవనం కింద ఈ కథ పునాదులు కూడా కనిపిస్తాయి. బ్యాంకు కోసం తవ్వుతుంటే రోమన్ల కాలం నాటి తొట్లు బయటపడ్డాయి, చేపలు ఉప్పులో ఊరేయడానికి కట్టినవి. వాటి పక్కనే, పొంబాల్ కాలంలో బురద నేలలోకి దిగగొట్టిన పైన్ కొయ్య గుంజలు. నీటిలో తడిసి ఉన్నంతకాలం ఆ కొయ్య పుచ్చదు. పైన ఉన్న నాలుగైదు అంతస్తుల ఇళ్లు ఆ తడి కొయ్యల మీదే నిలబడి ఉన్నాయి. గైడు వెంట చిన్న బృందాలుగా లోపలికి తీసుకెళతారు. బైషాలో ఒకే ఒక్క చోటు చూసే తీరిక ఉంటే, అది ఇదే కావాలి.

అక్కడికి దగ్గర్లోనే ఇనుప గోపురంలా శాంతా జుస్తా లిఫ్టు కనిపిస్తుంది. 1902లో మొదలైంది, ఎత్తు 45 మీటర్లు, కింది పేటనూ కొండ మీది పేటనూ కలుపుతుంది. దాని ముందు గంటల తరబడి క్యూలు ఉంటాయి. కొద్ది రోజుల సెలవులో అంత సమయం దానికి ఇవ్వడం దండగ. షియాదో పేట వైపు నుంచి నడుచుకుంటూ ఎక్కితే పదిహేను నిమిషాల్లో లిఫ్టు పైవంతెన దగ్గరికే చేరుకోవచ్చు. దారిలో 1732లో మొదలైన బెర్ట్రాండ్ పుస్తకాల దుకాణం ఉంది, ప్రపంచంలో నేటికీ నడుస్తున్న అతి పాత పుస్తకాల దుకాణంగా గిన్నిస్ గుర్తింపు పొందింది. ఆ దుకాణం మొదటి ఇల్లు కూడా భూకంపంలోనే పోయింది.

కొండ ఎక్కగానే కార్మో మఠం. 1389లో సైన్యాధిపతి నూనో ఆల్వారెస్ పెరైరా మొదలుపెట్టించిన చర్చి అది. 1755లో కప్పు కూలింది. తర్వాత మళ్లీ కట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. ఇవాళ లోపలికి అడుగుపెడితే రెండు వైపులా స్తంభాలు, వాటి మధ్య ఎముకల్లా వంగిన రాతి కమానులు, వాటిపైన ఆకాశం. నేల మీద గడ్డి. వెనక భాగంలో 1864 నుంచి పురావస్తు ప్రదర్శనశాల నడుస్తోంది. ఆనాటి విధ్వంసాన్ని ఇంత స్పష్టంగా చూపించే చోటు లిస్బన్‌లో మరొకటి లేదు.

రేడియో వినేవాళ్లకు ఈ మఠం ముందున్న చౌరస్తాతో మరో బంధుత్వం ఉంది. పోర్చుగల్‌ను దశాబ్దాల పాటు నియంతృత్వం ఏలింది. నియంత సలజార్ తర్వాత మార్సెలో కయితానో ప్రధాని అయ్యాడు. ఆఫ్రికాలోని వలసల్లో ఆగని యుద్ధాలతో విసిగిన యువ సైనికాధికారులు 1974 ఏప్రిల్‌లో తిరుగుబాటుకు సిద్ధమయ్యారు. సైన్యం బయల్దేరాలని చెప్పడానికి వాళ్లు ఎంచుకున్నది రేడియోను. ఏప్రిల్ 24 రాత్రి పదకొండుకు ఐదు నిమిషాల ముందు ఒక ప్రేమగీతం వినిపించింది. అది మొదటి సంకేతం. అర్ధరాత్రి దాటాక ఇరవై నిమిషాలకు జెకా అఫోన్సో పాడిన 'గ్రాండోలా' పాట మరో స్టేషన్‌లో మోగింది. ఇక వెనక్కి తిరిగేది లేదని దాని అర్థం. తెల్లవారేసరికి ట్యాంకులు లిస్బన్‌లో ఉన్నాయి. కయితానో తలదాచుకున్నది కార్మో మఠాన్ని ఆనుకుని ఉన్న సాయుధ దళ కార్యాలయంలో. కెప్టెన్ సల్గైరో మైయా తన సైనికులతో ఈ చౌరస్తాలోనే ముట్టడి వేశాడు, సాయంత్రానికి ప్రధాని లొంగిపోయాడు. ఆ ఉదయం సెలెస్త్ కయైరో అనే రెస్టారెంట్ ఉద్యోగిని, పని లేదని ఇంటికి పంపించేస్తే, వార్షికోత్సవం కోసం తెప్పించిన ఎర్ర కార్నేషన్ పూలు పట్టుకుని వీధిలోకి వచ్చింది. ఒక సైనికుడు సిగరెట్ అడిగితే, లేదని పువ్వు ఇచ్చింది. అతడు దాన్ని తుపాకీ గొట్టంలో పెట్టుకున్నాడు. మిగతావాళ్లూ అడిగి తీసుకున్నారు. ఏప్రిల్ 25న లిస్బన్‌లో ఉండే అవకాశం దొరికితే వదులుకోకూడదు. ఇప్పటికీ ఆ రోజు ఊరంతా కార్నేషన్లు పట్టుకుని వీధుల్లోకి వస్తుంది.

రోసియో పక్కనే శాంతో దొమింగోస్ చర్చి ఉంది. 1506లో ఇక్కడ మొదలైన అల్లర్లలో, బలవంతంగా క్రైస్తవంలోకి మారిన యూదులను వందలు, వేల సంఖ్యలో చంపారు. చర్చి బయట 2008లో వాళ్ల కోసం ఒక స్మారకం పెట్టారు. ఈ చర్చిని భూకంపాలు పడగొట్టాయి, 1959లో అగ్నిప్రమాదం కాల్చింది. మళ్లీ తెరిచినప్పుడు కాలిన స్తంభాలను అలాగే ఉంచారు. నిప్పుకు పెట్లిన రాయిని చేత్తో తడిమి చూడవచ్చు. పర్యాటకుల జాబితాల్లో దీని పేరు అంతగా కనిపించదు, ప్రవేశానికి డబ్బు కూడా అక్కర్లేదు.

ప్రయాణ ఏర్పాట్ల సంగతి కొంచెం. హైదరాబాద్ నుంచి లిస్బన్‌కు నేరుగా విమానం లేదు. దుబాయ్ మీదుగానో, ఏదో ఒక యూరప్ నగరం మీదుగానో వెళ్లాలి. షెంజెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 30 వేల యూరోలకు వైద్య బీమా తప్పనిసరి. వేసవిలో లిస్బన్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక, చలికాలంలో ఐదున్నర గంటలు. ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్ నెలలు నడవడానికి హాయిగా ఉంటాయి. ప్రదర్శనశాలలు చాలావరకు సోమవారం మూసి ఉంటాయి, కాబట్టి ఆ రోజును వీధుల్లో తిరగడానికి ఉంచుకోవాలి. కాలిబాటలన్నీ చిన్న చిన్న తెల్ల, నల్ల రాళ్లు పేర్చి చేసినవి. రోసియోలో వాటినే అలల్లా పేర్చారు. చూడ్డానికి ఎంతో అందం, వాన పడితే మాత్రం జారుడు. మంచి పట్టున్న బూట్లు లేకపోతే లిస్బన్ కొండలు ఎక్కడం, దిగడం ప్రమాదమే.

శాకాహారులు ఇబ్బంది పడతారన్న భయం అక్కర్లేదు గానీ, అడిగి తినాలి. ఆకుకూర, బంగాళాదుంపలతో చేసే కాల్దో వెర్దే సూప్‌లో సాధారణంగా సాసేజ్ ముక్కలు వేస్తారు, వద్దని ముందే చెప్పాలి. మామూలు కాఫీ హోటళ్ల అద్దాల బీరువాల్లో సమోసాలు కనిపిస్తాయి. గోవా నుంచి, మొజాంబిక్ నుంచి వచ్చినవాళ్లు వాటిని ఈ ఊరి తిండిలో కలిపేశారు. లోపల తరచుగా మాంసమే ఉంటుంది. మార్తిమ్ మొనిజ్ చౌరస్తా చుట్టుపక్కల దక్షిణాసియా కిరాణా దుకాణాలు, భోజనశాలలు చాలానే ఉన్నాయి.

రెండో రోజుకి అల్ఫామా. కోట కొండ వాలులో, భూకంపాన్ని తట్టుకుని చాలావరకు నిలిచిన పాత పేట ఇది. 1147లో అఫోన్సో హెన్రిక్స్, క్రూసేడ్ యోధుల సాయంతో మూర్ల నుంచి ఈ ఊరిని గెలుచుకోక ముందు నుంచే ఇక్కడి సందులు ఇలా ఉన్నాయి. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు తప్పుకోవాల్సిన మెట్ల దారులు, తలపైన ఆరేసిన బట్టలు, గోడలకు నీలం రంగు పింగాణీ పలకలు. 28వ నంబర్ ట్రామ్ ఈ మలుపుల్లోంచే కీచుమంటూ వెళుతుంది. దాని పట్టాల వెడల్పు 900 మిల్లీమీటర్లే. మలుపులు బాగా ఇరుకు కాబట్టి పాతకాలపు పొట్టి బండ్లే ఇక్కడ తిరగగలవు. మార్తిమ్ మొనిజ్‌లో పొద్దున్నే, జనం చేరక ముందే ఎక్కితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. తర్వాత జేబుదొంగల బెడద ఎక్కువ.

సాయంత్రాలు అల్ఫామాలో ఫాదూ పాటలు వినాలి. ఒక గొంతు, ఒక గిటారు, పన్నెండు తీగల పోర్చుగీసు గిటారు మరొకటి. పాట మొదలైతే దీపాలు తగ్గిస్తారు, బల్లల దగ్గర మాటలు ఆగిపోతాయి. మధ్యలో మాట్లాడటం అక్కడ పెద్ద అమర్యాద. 2011లో యునెస్కో దీన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ఈ పాటకు ప్రపంచ ఖ్యాతి తెచ్చిన అమాలియా రోడ్రిగెస్ 1999లో చనిపోతే, రెండేళ్ల తర్వాత ఆమెను దేశాధినేతల సమాధులున్న జాతీయ పాంథియన్‌లోకి చేర్చారు. ఈ ఫాదూ పుట్టిన పేటల్లోనే ఇప్పుడు పాత కాపురస్తులు తగ్గిపోతున్నారు. ఇళ్లన్నీ పర్యాటకులకు రోజువారీ అద్దెకు పోతున్నాయి, ఊరివాళ్లకు అద్దెలు అందుబాటులో ఉండటం లేదు. వెళ్లేవాళ్లు అల్ఫామాలో ఫ్లాట్ కాకుండా బైషాలోనో, మెట్రో స్టేషన్ దగ్గరో హోటల్ తీసుకుంటే ఆ పేటకు కొంతైనా మేలు చేసినవాళ్లవుతారు.

ఒక రోజు పూర్తిగా బెలెంకు ఇవ్వాలి. నగరం మధ్య నుంచి నది వెంట పడమరగా వెళితే వస్తుంది. భూకంపం ఇక్కడి కట్టడాలను పెద్దగా దెబ్బతీయలేదు. అందుకే భారతదేశపు సరుకుతో పోర్చుగల్ ఎంత సంపన్నమైందో చూడాలంటే బెలెం వెళ్లాలి. జెరోనిమోస్ మఠం మాన్యుయెల్ రాజు కాలంలో, 16వ శతాబ్దం మొదట్లో ఆరంభమై, పూర్తి కావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. తూర్పు దేశాల నుంచి, ఆఫ్రికా నుంచి వచ్చే సరుకు మీద వేసిన ఐదు శాతం పన్ను దాని ఖర్చులకు ఆధారం. స్తంభాల మీద తాళ్లు, పగడాలు, ఓడ సామగ్రి చెక్కారు. లోపలికి వెళ్లగానే వాస్కో డ గామా సమాధి ఉంది. 1497 జూలై 8న ఈ ఒడ్డు నుంచే బయల్దేరి, మరుసటి ఏడాది మే నెలలో కాలికట్ చేరాడు. 1524లో కొచ్చిలో చనిపోయాడు, పదిహేనేళ్ల తర్వాత ఎముకలను పోర్చుగల్‌కు తెచ్చారు. 1502లో రెండోసారి వచ్చినప్పుడు, మక్కా నుంచి తిరిగి వస్తున్న యాత్రికుల ఓడను స్త్రీలు, పిల్లలతో సహా తగలబెట్టించినవాడు కూడా ఆయనే. సమాధి మీద ఆ సంగతి ఉండదు. నది ఒడ్డున 1960లో కట్టిన నావికుల స్మారకం మీద 33 విగ్రహాలు ఉన్నాయి, అక్కడా ఉండదు. భారతీయులు ఆ సమాధి ముందు నిలబడినప్పుడు ఆ ఓడను గుర్తుచేసుకోవాలి.

బెలెం బురుజు దగ్గర చూడాల్సింది ఒక చిన్న శిల్పం. నీటి ఒడ్డున ఉన్న ఆ కోట బురుజు మూలలో, కాపలా గూడు అడుగున, ఉప్పుగాలికి అరిగిపోయిన ఖడ్గమృగం తల ఉంది. గుజరాత్ సుల్తాన్ రెండో ముజఫర్ షా పోర్చుగీసు గవర్నర్ అల్బుకర్క్‌కు బహుమతిగా ఇచ్చిన జంతువు అది. గోవా నుంచి ఓడలో ఎక్కిస్తే 1515 మే 20న లిస్బన్‌లో దిగింది. రోమన్ల కాలం తర్వాత యూరప్ బతికున్న ఖడ్గమృగాన్ని చూడటం అదే మొదలు. మాన్యుయెల్ రాజు దాన్ని ఏనుగుతో పోరుకు దింపితే, ఏనుగు బెదిరి పారిపోయింది. జర్మనీలో ఆల్బ్రెక్ట్ డ్యూరర్ దాన్ని కళ్లతో చూడకుండానే, ఎవరో పంపిన గీతను, ఉత్తరాన్ని ఆధారం చేసుకుని కవచాలు తొడిగినట్టు బొమ్మ చెక్కాడు. చాలా కాలం యూరప్‌కు ఖడ్గమృగం అంటే ఆ బొమ్మే. అసలు జంతువును రాజు పోప్‌కు కానుకగా పంపాడు. 1516 మొదట్లో ఇటలీ తీరాన ఓడ మునిగింది. గొలుసులతో కట్టి ఉండటం వల్ల ఈదలేక చచ్చిపోయింది.

మఠం పక్కనే 1837 నుంచి నడుస్తున్న మిఠాయి కొట్టు. 1834లో మఠాలు మూసేసినప్పుడు సన్యాసుల దగ్గరి మిఠాయి తయారీ రహస్యం ఈ కొట్టుకు చేరింది. కాజా మడతల్లా కరకరలాడే పొరల మధ్య గుడ్డు సొన మీగడ, పైన మచ్చలు పడేలా కాల్చి, దాల్చినచెక్క పొడి చల్లుకుని వేడివేడిగా తింటారు. ఆ కొట్టుకు దగ్గర్లోనే ఒక ఇరుకు సందు ఉంది, చాలామంది దాటిపోతారు. సందులో ఐదు రాతి కడియాలు చుట్టిన స్తంభం నిలబడి ఉంటుంది. 1758లో రాజు మొదటి జోసె మీద కాల్పులు జరిగాయి. పొంబాల్ ఆ నేరాన్ని తావొరా వంశం మీద, అవైరో ప్రభువు మీద మోపి, మరుసటి ఏడాది జనవరిలో బెలెంలోనే క్రూరంగా చంపించాడు. అవైరో ప్రభువు భవనాన్ని నేలమట్టం చేసి, ఏమీ మొలవకూడదని ఆ జాగాలో ఉప్పు చల్లించాడు. ఎవరూ ఎప్పటికీ ఇక్కడ ఇల్లు కట్టకూడదని ఆ స్తంభం మీద రాసి ఉంది. భూకంపం దేవుడి శిక్షేనని బోధించిన మలగ్రీదా అనే వృద్ధ జెసూట్ గురువు కూడా 1761లో అదే పాలనలో ప్రాణం పోగొట్టుకున్నాడు. బైషా వీధులు కట్టించిన చేయి, ఈ స్తంభం నాటించిన చేయి ఒక్కటే. లిస్బన్ చూసినవాళ్లు రెండూ చూసి రావాలి.

చివరి పూట మళ్లీ వాణిజ్య చౌరస్తాకు రావడం మంచిది. మధ్యలో మొదటి జోసె గుర్రం మీద ఉన్న కంచు విగ్రహం, 1775లో నిలబెట్టింది. భూకంపానికి ముందు ఇక్కడే రాజభవనం ఉండేది, దానిలోనే భారతదేశపు వ్యాపారాన్నంతా చూసే కార్యాలయం నడిచేది. తూర్పు నుంచి వచ్చిన లెక్కలు, ఉత్తరాలు, ఓడల చిట్టాలు అక్కడ ఉండేవి. ఆ రోజు అవి పోయాయి. గోవా చరిత్రకే కాదు, దక్కను చరిత్రకూ అది నష్టమే. ఎందుకంటే విజయనగరానికి అరబ్బీ గుర్రాలు గోవా మీదుగా పోర్చుగీసులే తెచ్చి అమ్మేవారు.

ఆ వ్యాపారం వెంట వచ్చినవాళ్లలో దొమింగో పాయెస్, ఫెర్నావో నూనిజ్ రాసిన వృత్తాంతాలు మాత్రం దక్కాయి. వాటి ప్రతి పారిస్ గ్రంథాలయంలో ఉండబట్టి బతికింది. డేవిడ్ లోపెస్ అనే పండితుడు దాన్ని 1897లో లిస్బన్‌లో అచ్చు వేయించాడు. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన రాబర్ట్ సూయల్ ఇంగ్లీషులోకి మార్చి 1900లో తన విజయనగర చరిత్రతో ప్రచురించాడు. విజయనగరం తనకు రోమ్ అంత పెద్దగా కనిపించిందని రాసిన పాయెస్, కృష్ణదేవరాయల మొహం మీద మశూచి మచ్చలున్నాయని, మనిషి మధ్యస్థంగా, కొంచెం బొద్దుగా ఉంటాడని కూడా రాశాడు. రాయలు తెల్లవారక ముందే నువ్వుల నూనె తాగి, అదే నూనె ఒంటికి పట్టించుకుని, బరువులు ఎత్తి, చెమటతో నూనె పోయేదాకా కసరత్తు చేసి, కుస్తీ పట్టి, ఆ తర్వాత గుర్రమెక్కి మైదానంలో తిరిగి వచ్చేవాడని మనకు తెలిసింది ఈ పోర్చుగీసు కాగితాల వల్లే.